వెతికితే దొరకని వాడ



పోయిన నెల ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. ఎం.ఏ. చదువుతోంది. చుండూరు మీద ప్రాజెక్టు చేస్తోంది. "అన్నా, రెండు రోజుల నుంచి గూగుల్‌లో వెతుకుతున్నా. పేపర్ల వార్తలు వస్తున్నాయి, తీర్పుల మీద ఇంగ్లీషు వ్యాసాలు వస్తున్నాయి. మనవాళ్ళు తెలుగులో రాసిందేమీ లేదా?" అని అడిగింది.

చాలాసేపు జవాబు ఇవ్వలేకపోయాను. ఎందుకంటే, ఉంది. మేం నలుగురం చేతి డబ్బులు వేసుకుని నడుపుతున్న చిన్న వెబ్‌సైట్‌లోనే ఉంది. 1991 ఆగస్టు 6 తర్వాత వచ్చిన కరపత్రాలు ఉన్నాయి. ఆ ఉద్యమంలో తిరిగిన పెద్దవాళ్ళు చెప్పిన మాటలు ఉన్నాయి. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసిన రోజు గురించి, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసిన రోజు గురించి రాసినవి ఉన్నాయి. నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాయి. వెతికిన పిల్లకి మాత్రం దొరకలేదు. వెతికితే దొరకనిది ఉన్నట్టా, లేనట్టా?

మొదట కోపం వచ్చింది. ఈ సెర్చ్ ఇంజన్లు కూడా వాళ్ళవే అనుకున్నాను. తర్వాత నిదానంగా కూర్చుని చూస్తే సగం తప్పు మాదేనని తేలింది. మిగతా సగానికి ఒక చరిత్ర ఉంది. ఈ వారం ఆ రెండూ చెప్తాను.

1. డప్పు మనది, కబురు ఊరిది

ఊరి కబురు చాటింది ఎవరు? మన డప్పే. శిస్తు కట్టమన్నా, జాతర తేదీ చెప్పాలన్నా, పశువు తప్పిపోయినా వీధి వీధికీ పోయి దండోరా వేసింది మన తాతలే. వాడలో జరిగిన అన్యాయాన్ని ఊళ్ళో చాటడానికి మాత్రం ఏ డప్పూ మోగలేదు. కబురు చాటే పని మనది, ఏ కబురు చాటాలో చెప్పే అధికారం వాళ్ళది.

అచ్చుయంత్రం వచ్చాక కూడా అదే జరిగింది. 1920 జనవరి 31న బాబాసాహెబ్ బొంబాయిలో 'మూక్‌నాయక్' పక్షపత్రిక మొదలుపెట్టారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చి నిలబెట్టారు. పత్రిక వస్తోందని జనానికి తెలియాలి కదా? అప్పటికి మరాఠీలో పెద్ద పత్రిక 'కేసరి'. తిలక్ బతికి ఉన్న రోజులు. కేసరికి ప్రకటన పంపారు. ఉచితంగా వేయమని అడగలేదు, డబ్బు కడతామన్నారు. అయినా కేసరి వేయలేదు.

ఈ సంఘటన మనం సభల్లో చాలాసార్లు చెప్పుకుంటాం, వాళ్ళ కులబుద్ధికి ఉదాహరణగా. నేను ఈసారి ఇంకో కోణంలో చూశాను. మూక్‌నాయక్‌ని అచ్చు వేయకుండా కేసరి ఆపలేదు. ఆపాల్సిన అవసరం కూడా లేదు. "అదిగో, అక్కడ ఒక పత్రిక ఉంది" అని వేలు చూపించకపోతే చాలు. తన పాఠకులకి మూక్‌నాయక్ లేనట్టే.

ఈ వేలు చూపించడమే ఇంటర్నెట్‌లో లింకు. అందుకే ఆ కథ నుంచి ఈ కథలోకి వస్తున్నాను.

2. వెతికే యంత్రం ఎలా పుట్టింది

మొట్టమొదటి ఇంటర్నెట్ సెర్చ్ ఇంజన్ తయారుచేసింది ఎవరో తెలుసా? అలన్ ఎమ్‌టేజ్. కరీబియన్ దీవి బార్బడోస్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో చదువుకుంటూ 1990లో 'ఆర్చీ' అనే ప్రోగ్రాం రాశాడు. వేర్వేరు కంప్యూటర్లలో ఉన్న ఫైళ్ళ పేర్లన్నీ ఒకచోట పోగేసి వెతికిపెట్టేది అది. దాని మీద పేటెంట్ తీసుకోలేదు. ఈ రోజు గూగుల్ పేరు తెలియని పిల్లాడు లేడు, ఎమ్‌టేజ్ పేరు కంప్యూటర్ సైన్స్ చదివిన మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? వెతకడం నేర్పినవాడే వెతికితే తప్ప దొరకడు.

తర్వాత 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ఇద్దరు, జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో, యాహూ డైరెక్టరీ పెట్టారు. అది యంత్రం కాదు, జాబితా. మనుషులు కూర్చుని ఏ సైటు ఏ అరలో ఉండాలో నిర్ణయించేవాళ్ళు. వాళ్ళ కళ్ళలో పడితేనే చోటు. 1995 చివర్లో ఆల్టావిస్టా వచ్చింది. అది పేజీల్లోని మాటలన్నీ చదివి పెట్టుకునేది. కానీ ఒక మాట ఉన్న పేజీలు లక్ష ఉంటే ఏది ముందు చూపించాలి? అక్కడ తడబడింది. వ్యాపారులు ఈ బలహీనత కనిపెట్టారు. పేజీ అడుగున తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు ఒకే మాట వందసార్లు దాచిపెట్టి ముందుకొచ్చేవాళ్ళు.

1998లో మళ్ళీ స్టాన్‌ఫర్డ్ నుంచే లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇంకో ఆలోచనతో వచ్చారు. అది పూర్తిగా కొత్తది కాదు. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన 1960ల నుంచే సైన్సు వ్యాసాల్లో ఎవరు ఎవరిని ఉదహరిస్తున్నారో లెక్కగట్టి సూచికలు అచ్చేస్తున్నాడు. పదిమంది ఉదహరించిన వ్యాసానికి విలువ ఎక్కువ. పేజ్, బ్రిన్ ఆ లెక్కని వెబ్ పేజీలకి పెట్టారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే అది ఒక సాక్ష్యం. అయితే అన్ని సాక్ష్యాలూ సమానం కాదు. తనకే ఎక్కువ సాక్ష్యాలున్న పేజీ ఇచ్చే సాక్ష్యానికి బరువు ఎక్కువ. దీనికి 'పేజ్‌ర్యాంక్' అని పేరు పెట్టారు. రెండున్నర కోట్లకి కాస్త తక్కువ పేజీల మీద దాన్ని నడిపి చూపించారు. అదే గూగుల్ అయింది.

ఊరి రచ్చబండ తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పంచాయితీలో వాడ నుంచి పదిమంది చెప్పిన మాట కంటే ఒక్క పెద్దమనిషి చెప్పిన మాట చెల్లుతుంది. పెద్దమనిషి ఎందుకు పెద్దమనిషి? ఇంకో నలుగురు పెద్దమనుషులు అతన్ని పెద్దమనిషి అన్నారు కాబట్టి.

నేను యంత్రానికి కులం అంటగట్టడం లేదు. పేజ్‌ర్యాంక్‌కి కులం తెలియదు. నిజానికి ఆల్టావిస్టా కంటే అది మంచి పద్ధతి, చెత్తని వెనక్కి నెట్టింది. ఈ రోజు గూగుల్ లింకులతో పాటు ఇంకా చాలా లెక్కలు చూస్తుంది. కానీ ఆ యంత్రం సమాజాన్ని ఉన్నది ఉన్నట్టు లెక్కపెడుతుంది. పెద్ద పత్రిక పెద్ద పత్రికకే లింకు ఇస్తుంది, యూనివర్సిటీ యూనివర్సిటీకే ఇస్తుంది. మన సైటుకి ఎవరు ఇస్తారు? కేసరి ఇవ్వని ప్రకటనే ఇవాళ ఎవరూ ఇవ్వని లింకు. కేసరి కావాలని ఇవ్వలేదు. వీళ్ళలో చాలామందికి మనం ఉన్నట్టే తెలియదు. ఫలితం మాత్రం ఒకటే.

ఇంకో సంగతి. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్ ప్రకటనదారుల వైపు ఒరిగిపోతుందని పేజ్, బ్రిన్ తమ 1998 వ్యాసంలోనే హెచ్చరించారు. మూడేళ్ళు తిరగకుండానే, 2000 అక్టోబరులో, గూగుల్ తన ప్రకటనల పథకం మొదలుపెట్టింది. తర్వాత సఫియా నోబుల్ అనే ఆఫ్రికన్ అమెరికన్ పరిశోధకురాలు "బ్లాక్ గర్ల్స్" అని వెతికితే పైన అశ్లీల సైట్లే వచ్చాయని గమనించింది. ఆ పరిశోధన 2018లో 'అల్గారిథమ్స్ ఆఫ్ అప్రెషన్' పుస్తకంగా వచ్చింది. అణిచివేతని చదువుకునే మన విద్యార్థులు ఆ పుస్తకం చదవాలి.

3. తెలుగుకి విడిగా ఒక శాపం

ఇక మా తప్పులు.

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో మామూలు కంప్యూటర్‌లోకీ వచ్చింది. కానీ మన డీటీపీ సెంటర్లన్నీ అను ఫాంట్లలో నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ ఫాంట్లలో తెర మీద కనబడేది 'అ', లోపల దాగి ఉండేది ఏదో ఇంగ్లీషు గుర్తు. మన కంటికి తెలుగు, యంత్రానికి అర్థంలేని అక్షరాల గుట్ట. అలాంటి ఫైలు యథాతథంగా సైటులో పెడితే ఏ సెర్చ్ ఇంజనూ దాన్ని తెలుగని గుర్తించదు. ఒకప్పుడు పెద్ద దినపత్రికల సైట్లు కూడా సొంత ఫాంట్లతోనే నడిచేవి. వాళ్ళు మారారు, వాళ్ళకి జీతాలిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు. మన దగ్గర కరపత్రం వేసిన మనిషి పోయాడు, డీటీపీ చేసిన సెంటరు మూతబడింది, ఫైలు సీడీలో బూజు పట్టింది.

అందుకని మేం ఏం చేశాం? తేలిక దారి చూసుకున్నాం. కరపత్రాన్ని ఫోనుతో ఫొటో తీసి పెట్టేశాం. పాత పత్రికల్ని స్కాన్ చేసి పీడీఎఫ్ చేసి పెట్టేశాం. సైటు మొత్తం తిరిగి చూస్తే సగానికి పైగా ఫొటోలే. చుండూరు కరపత్రం ఫైలు పేరు ఫొటో తీసిన తేదీ, సమయం. ఆ పేజీకి శీర్షిక "పాత డాక్యుమెంట్లు - 3". చుండూరు అనే మాట ఆ పేజీలో అక్షరాల్లో ఒక్కచోట కూడా లేదు! ఆ చెల్లెలికి ఎలా దొరుకుతుంది?

రెండో తప్పు, నేను చేసింది. నాలుగేళ్ళుగా రాసిన ఈ వారం వారం వ్యాసాలన్నీ ఇక్కడే, సోషల్ మీడియా గోడ మీదే రాశాను. లైకులు వస్తుంటే అందరూ చదువుతున్నారనుకున్నాను. రెండు రోజులకి పోస్టు కిందకి జారిపోతుంది. ఆరునెలల తర్వాత నేనే వెతుక్కుంటే నాకే దొరకదు. గోడ మనది కాదు. ఏ రోజు అకౌంట్ ఎత్తేసినా అడిగే దిక్కు లేదు. ఇక్కడ మాట్లాడాలి, కానీ దాచుకోవాల్సింది మన ఇంట్లో.

4. ఏ పేరుతో వెతుకుతారు?

సెర్చ్ ఇంజన్ దగ్గరకి మనిషి ఒక మాట పట్టుకుని వస్తాడు. ఆ మాట మన పేజీలో ఉండాలి. వినడానికి ఇది చిన్న సంగతి. మన విషయంలో మాత్రం ఇది వందేళ్ళ రాజకీయం.

1917 నవంబరులో బెజవాడలో సభ జరిగింది. పిలిచింది పంచమ మహాజన సభ అని. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ గారు ఆ పేరు ఒప్పుకోలేదు. మనం అయిదో వర్ణం కాదు, ఈ నేల ఆదివాసులం అన్నారు. సభ పేరు ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. తర్వాత హైదరాబాదులో ఆది హిందువులయ్యాం. గాంధీ హరిజనులన్నాడు. రాజ్యాంగం షెడ్యూల్డ్ కులాలంది. కారంచేడు తర్వాత దళితులమని మనమే గొంతెత్తి చెప్పుకున్నాం. 2018లో కేంద్ర సమాచార శాఖ ఆ మాట వాడొద్దని టీవీ ఛానళ్ళకి సలహా పంపింది.

ఇప్పుడు ఒక విద్యార్థి "ఆది ఆంధ్ర ఉద్యమం" అని వెతుకుతాడు. మన పేజీలో "తొలితరం దళిత ఉద్యమం" అని మాత్రమే ఉంటే దొరక్కపోవచ్చు. చుండూరు సంగతే చూడండి. తెలుగులో చుండూరు, చుండూర్. ఇంగ్లీషులో ఒకరు 'టి-ఎస్'తో మొదలుపెడతారు, ఒకరు 'సి-హెచ్'తో. కోర్టు కాగితాల్లో ఒకటి, పేపర్లో ఒకటి. అందుకని పేజీ మొదటి పేరాలోనే చరిత్ర చెబుతూ ఆ పేర్లన్నీ వచ్చేలా రాయాలి: ఈ ఊరిని ఇలా కూడా రాస్తారు, ఆనాడు ఈ పేరుతో పిలిచేవాళ్ళు అని. అది పాఠకుడికి చదువు, యంత్రానికి ఆనవాలు. అవమానంగా పిలిచిన పేరు రాయాల్సి వస్తే అది ఎవరు పెట్టిన పేరో కూడా రాద్దాం.

ఇందులో మోసం లేదు. మాటలన్నీ కుప్పపోసి పేజీ వెనక 'కీవర్డ్స్' అరలో పెట్టడం వేరు. ఆ అరని తాను చూడనని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇప్పటికీ అది నింపిపెడతామని డబ్బులు అడిగేవాళ్ళున్నారు.

5. అడ్డదారుల గతి

మాకూ ఒక ఫోను వచ్చింది. "సార్, అయిదు వేలు ఇవ్వండి, వెయ్యి లింకులు పెట్టిస్తాం, మొదటి పేజీ గ్యారంటీ" అన్నాడు. ఆ నెల హోస్టింగ్ డబ్బులకే చందాలు వేసుకుంటున్నాం, కాబట్టి బతికిపోయాం.

కొన్న లింకు కొన్న సాక్ష్యం లాంటిదే, బయటపడిన రోజు కేసు మొత్తం పోతుంది. 2006లో జర్మనీలో బీఎండబ్ల్యూ అంతటి కంపెనీ సెర్చ్ ఇంజన్‌కి ఒక పేజీ, మనుషులకి ఒక పేజీ చూపిస్తుంటే గూగుల్ పట్టుకుని ఆ సైటుని ఫలితాల్లోంచి తీసేసింది. 2011లో 'పాండా' అనే మార్పుతో పసలేని పేజీలని, 2012లో 'పెంగ్విన్' అనే మార్పుతో దొంగ లింకులని వెనక్కి నెట్టింది. బీఎండబ్ల్యూ తప్పు సరిదిద్దుకుని తిరిగి రాగలదు. మనం పడితే లేపేవాడు లేడు.

సరైన దారికీ ఉదాహరణ ఉంది. బాబాసాహెబ్ 'కుల నిర్మూలన' 1936లో లాహోర్ సభ రద్దయ్యాక ఆయన సొంత డబ్బుతో 1,500 కాపీలు అచ్చేసిన పుస్తకం. అదే పుస్తకాన్ని కొలంబియా యూనివర్సిటీ సైటులో ఆచార్య ఫ్రాన్సెస్ ప్రిచెట్ అక్షరాల్లో పెట్టారు. స్కాన్ బొమ్మ కాదు. భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగానికీ శీర్షిక పెట్టి, పేరాలకి నెంబర్లు వేశారు. కాబట్టి ప్రపంచంలో ఎవరైనా కావలసిన పేరాకే వేలు చూపించగలరు. బాబాసాహెబ్ చదివిన యూనివర్సిటీ బరువు దానికి తోడైంది, నిజమే. ఆ బరువు మనకి లేదు. కానీ ఆ శ్రద్ధ పెట్టకుండా ఎవరు ఆపారు?

6. మేం చేసిన పని

ఆదివారాల్లో నలుగురు విద్యార్థులు వచ్చి కూర్చున్నారు. చేసింది చెప్తాను, మీ సైటుకీ పనికొస్తుంది.

ప్రతి కరపత్రాన్నీ యూనికోడ్‌లో టైపు చేశాం. ఫొటో తీసేయలేదు, అది సాక్ష్యం. దాని కింద అక్షరాలు పెట్టాం, ఫొటోకి వివరణ రాశాం. ఒక పేజీకి ఒకే విషయం. శీర్షికలో ఊరు, సంవత్సరం, విషయం. "పాత డాక్యుమెంట్లు - 3" ఇప్పుడు "చుండూరు 1991: దళిత సంఘాల కరపత్రం, పూర్తి పాఠం" అయింది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దారులు వేశాం: చుండూరు నుంచి కారంచేడుకి, కారంచేడు నుంచి 'నలుపు' పత్రికకి. సెర్చ్ ఇంజన్ పంపే క్రాలర్ లింకు పట్టుకునే నడుస్తుంది. ఏ లింకూ లేని పేజీ, వర్షాకాలంలో దారి తెగిన వాడ లాంటిది.

పేజీల జాబితా, అంటే సైట్‌మ్యాప్, తయారుచేసి గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఇచ్చాం. దీనికి డబ్బు అక్కర్లేదు. ఏ మాటలతో వెతికితే మనం కనబడుతున్నామో అక్కడే తెలుస్తుంది. మన పిల్లలు చూసేది ఫోన్లో. ఫోన్లో సరిగా కనబడే పేజీలకి 2015 నుంచి గూగుల్ ప్రాధాన్యం ఇస్తోంది. అందుకని బరువైన ఫొటోల సైజు తగ్గించాం. ప్రతి పేజీనీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాచాం, రేపు మా చందాలు ఆగి సైటు మూతబడినా చరిత్ర మూతబడకూడదు.

ఒకచోట మాత్రం చెయ్యి ఆగింది. అన్నీ కనబడాలా? దాడి జరిగిన ఇళ్ళ ఆడవాళ్ళు మాతో చెప్పుకున్న మాటలున్నాయి. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. చట్టం లేకపోయినా అది నేరమే. సాక్షులు ఇంకా ఆ ఊళ్ళోనే, ఆ మనుషుల పొలాల్లోనే పనిచేస్తూ బతుకుతున్నారు. దొరకడం వాళ్ళకి ప్రమాదం. "ఇక్కడికి రావొద్దు" అని క్రాలర్లకి చెప్పే రోబోట్స్ ఫైలు 1994 నుంచీ ఉంది. అది తాళం కాదు, విన్నపం మాత్రమే. అందుకని పేర్లు, గుర్తుపట్టే వివరాలు ఉన్న పేజీలని సైటు నుంచే తీసేశాం. చెప్పినవాళ్ళని మళ్ళీ అడిగి, వాళ్ళు సరేనన్నంతవరకే పెట్టాం. ఇద్దరు వద్దన్నారు, పెట్టలేదు.

7. వేలు చూపిద్దాం

పోయిన వారం ఆ చెల్లెలు మళ్ళీ వెతికింది. "అన్నా, రెండో పేజీలో వచ్చింది" అని పెట్టింది. మొదటి పేజీ కాదు. పెద్ద పత్రికలు ఇంకా మన ముందే ఉన్నాయి. కానీ కరపత్రం పూర్తి పాఠం చదివింది, ప్రాజెక్టులో ఉదహరించింది.

రెండో పేజీ నుంచి మొదటి పేజీకి పోవాలంటే మా నలుగురి వల్ల కాదు. సాక్ష్యాలు కావాలి. తెలుగులో మనవాళ్ళు నడిపే చిన్న సైట్లు, బ్లాగులు ఎన్నో ఉన్నాయి. మాల సైటు మాదిగ సైటుకి లింకు ఇవ్వదు. ఆంధ్రా సైటు తెలంగాణ సైటుని చూడదు. ఒక సంఘం వాళ్ళు ఇంకో సంఘం పేరెత్తరు. కేసరి మనకి వేలు చూపించలేదని వందేళ్ళుగా చెప్పుకుంటున్నాం. మనం ఎవరికి చూపిస్తున్నాం?

లింకులు ఊరికే మార్చుకోమని కాదు, అది మళ్ళీ అడ్డదారే. వాళ్ళ వ్యాసం చదివి మీ వ్యాసానికి పనికొస్తే, ఎక్కడ దొరికిందో నిజాయితీగా చెప్పండి. విభేదిస్తూ రాసినా సరే, ఎవరితో విభేదిస్తున్నారో లింకు ఇచ్చి రాయండి. విద్యార్థులు తమ పరిశోధనల్లో మన సైట్లని ఉదహరించండి. వికీపీడియాలో సొంత సైటు లింకులు అతికించి రావొద్దు. లేని విషయం రాసి, నమ్మదగిన ఆధారం చూపించండి. వికీపీడియా లింకు సెర్చ్‌లో బరువు పెంచకపోవచ్చు, కానీ చదివే మనిషిని తెస్తుంది.

ఈ వారం మీకో పని. మీ ఊరి పేరు, మీ ఊళ్ళో మనవాళ్ళు చేసిన ఒక పోరాటం పేరు కలిపి తెలుగులో వెతకండి. ఏం వచ్చిందో, ఏం రాలేదో కింద రాయండి. రానివి ముందు రాద్దాం. ఈ వ్యాసాన్ని కూడా ఈసారి ఇక్కడ ఒక్కచోటే వదిలేయడం లేదు. మన సైటులో, సరైన శీర్షికతో పెట్టాను.

వచ్చే వారం: పాత కరపత్రాలని టైపు చేసేటప్పుడు ఆనాటి తప్పొప్పులని దిద్దాలా వద్దా అన్న చర్చ.

జై భీమ్.